పాప ఫీజు ఎవరు కట్టాలి: మూడేళ్ల నా అనుభవం

మా పాప రెండో తరగతిలో ఉండగా ఒకరోజు సాయంత్రం స్కూలు డైరీ తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "అమ్మా, నాకు డ్యూ ఉందని మేడమ్ రాశారు. డ్యూ అంటే పొద్దున్నే గడ్డి మీద ఉండే నీళ్లచుక్కలు కదా?" అని అడిగింది. ఈవీఎస్‌లో ఆ వారమే ఆ పాఠం అయింది. డైరీలో ఎర్ర పెన్నుతో 'ఫీజు డ్యూ 28,000' అని ఉంది. కింద పేరెంట్ సంతకానికి ఒక గీత. సంతకం పెట్టి, "అవునమ్మా, నీళ్లచుక్కలే" అన్నాను.

అది 2022 జూలై. నేనూ పాపా వనస్థలిపురంలో మా అమ్మావాళ్లింటికి వచ్చేసి అప్పటికి పదకొండు నెలలు. ఎందుకు వచ్చేశామన్నది ఇక్కడ రాయను. పాప వాళ్ల నాన్న గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తారు. అప్పట్లో చేతికి నెలకి 1,35,000 వచ్చేది. నేను ఒక మందుల హోల్‌సేల్ ఆఫీసులో అకౌంటెంట్‌ని, నా జీతం 38,000. ఈ రెండు అంకెలూ ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత మూడేళ్లు అందరూ నన్ను అడిగింది ఇవే.

స్కూలు ఫీజంటే ఒకటే అంకె అనుకుంటారు చాలామంది. మా స్కూల్లో ఆ ఏడాది ట్యూషన్ ఫీజు 84,000. జూన్‌లో, అక్టోబర్‌లో, జనవరిలో మూడు టర్మ్‌లుగా కట్టాలి. బస్సు 22,000. పుస్తకాలు, యూనిఫాం, బూట్లు కలిపి 12,500, అవి మళ్లీ స్కూల్లోనే కొనాలి. మొత్తం 1,18,500. జీతం నెలనెలా వస్తుంది, ఫీజు మాత్రం నాలుగు నెలలకోసారి బండరాయిలా వచ్చి పడుతుంది. కలిసి ఉన్న ఇళ్లలోనే జూన్ నెల వస్తే మొగుడూ పెళ్లాలు మొహాలు చూసుకుంటారు. ఇక విడిపోయినవాళ్ల సంగతి చెప్పాలా?

మాకు ఫీజు గొడవ రాని ఏడాది ఒకే ఒక్కటి, 2020-21. కరోనా వల్ల తెలంగాణ ప్రభుత్వం జీవో 46 ఇచ్చి, ప్రైవేటు స్కూళ్లు ఆ ఏడాది ఫీజు పెంచకూడదని, ట్యూషన్ ఫీజు మాత్రమే, అదీ నెలనెలా తీసుకోవాలని చెప్పింది. పాప యూకేజీ, ఫోన్లో క్లాసులు. నెలకింత అని కట్టేశాం, మాటామాటా అనుకున్న గుర్తే లేదు.

విడిగా వచ్చాక నా పద్ధతి ఏంటంటే, బిల్లు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపడం. రెండు నీలం టిక్కులు పడేవి. అంతే. రెండు రోజులాగి "చూశారా?" అని పెట్టేదాన్ని. అప్పుడు జవాబు వచ్చేది. "నేనేమైనా ఏటీఎం అనుకుంటున్నావా?" అని ఒకసారి. "అంత స్కూలు ఎందుకు, పక్క వీధిలో ముప్పై వేలకి చెప్పట్లేదా?" అని ఇంకోసారి. ఒకటో తరగతి రెండో టర్మ్ ఆలస్యంగా కట్టారు, మూడోది కట్టలేదు. రోజుకి 20 రూపాయల ఫైన్ పడుతోందని ఫీజు కౌంటర్‌లో అబ్బాయి చెప్పి, "సార్ రాలేదా మేడమ్?" అన్నాడు. మామూలుగానే అడిగాడు పాపం. ఆ మాటకి మెట్ల దగ్గర కాసేపు కూర్చుండిపోయాను. ఆ టర్మ్ నా గాజులు బ్యాంకులో పెట్టి కట్టాను. రెండో తరగతి జూన్ వచ్చేసరికి పెట్టడానికి గాజులు లేవు. ఆ తర్వాతదే డైరీలో రాసిన డ్యూ.

ప్రిన్సిపాల్‌ని కలిసి నెలవారీగా కడతానని అడిగాను. మర్యాదగానే మాట్లాడారు కానీ, "మీ ఇద్దరి మధ్య ఏముందో స్కూలుకి సంబంధం లేదమ్మా" అన్నారు. కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే ఆవిడ చెప్పిందీ తప్పు కాదు.

సెప్టెంబర్‌లో లాయర్ దగ్గరికి వెళ్లాను. మా ఓనర్ గారి చెల్లెలికి తెలిసినావిడ, కుటుంబ కేసులే చూస్తారు. మొత్తం ముప్పై వేలు తీసుకున్నారు. ఆడవాళ్లకి, పిల్లలకి ఆదాయం ఎంతున్నా సరే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ని ఇస్తుందని నాకు ఆ డబ్బు కట్టేశాక తెలిసింది. 1987 చట్టంలోనే ఉందట. నాలాగే ఎవరైనా గాజులు తాకట్టు పెట్టే స్థితిలో ఉంటే ముందు అక్కడికి వెళ్లి అడగండి.

మా అమ్మమ్మ దీన్ని మనోవర్తి అనేది. పేపర్‌లో భరణం అని రాస్తారు. కోర్టు వరండాలో అందరూ మెయింటెనెన్స్ అంటారు, కేసుని ఎంసీ అంటారు. దారులు చాలా ఉన్నాయట. హిందూ వివాహ చట్టంలో పిల్లల చదువు గురించి 26వ సెక్షన్ ఉంది, 1956 నాటి దత్తత, మనోవర్తి చట్టంలో 20 ఉంది, గృహహింస చట్టంలో ఇంకో దారి. మా లాయర్ గారు సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 125వ సెక్షన్ చాలన్నారు. స్తోమత ఉండి పిల్లల్ని పోషించకపోతే నెలకింత ఇవ్వమని కోర్టు చెప్పొచ్చు, అదే దాని సారం. (2024 జూలై 1 నుంచి సీఆర్‌పీసీ బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ అనే చట్టంలో ఇదే 144వ సెక్షన్ అయింది.) నేను సంపాదిస్తున్నాను కాబట్టి నాకేమీ అడగలేదు. పాపకే అడిగాం.

దానివల్ల జరిగిందేంటంటే, పిటిషన్ మొదటి పేజీలో పిటిషనర్ అని మా పాప పేరు వచ్చింది. వయసు ఏడేళ్లు, వృత్తి విద్యార్థిని, మైనర్ కనుక తల్లి ద్వారా. కింద రెస్పాండెంట్ అని వాళ్ల నాన్న పేరు. మధ్యలో 'అండ్'. సంతకం పెట్టాల్సిన చోట్లకి లాయర్ గారి గుమస్తా పెన్సిల్‌తో చిన్న చిన్న ఇంటూలు పెట్టి ఇచ్చాడు. పదిహేను చోట్ల సంతకాలు పెట్టాను. మొదటి పేజీ మాత్రం బోర్లించి పెట్టాను. అప్పటికే సాయంత్రం అయిపోయింది, అతను మళ్లీ తిప్పి, "ఇక్కడ కూడా మేడమ్" అన్నాడు.

నా వృత్తి నాకు పనికొచ్చింది మాత్రం ఆ తర్వాతే. 2020 నవంబర్‌లో రజ్నేశ్ - నేహా కేసులో సుప్రీంకోర్టు ఒక నియమం పెట్టింది. మనోవర్తి కేసుల్లో ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు అన్నీ అఫిడవిట్‌గా ఇవ్వాలి. దానికి ఒక ఫారమ్ కూడా కోర్టే ఇచ్చింది. అందులో పిల్లల స్కూలు ఫీజుకి విడిగా గడులున్నాయి. అడిగేవాళ్లు కూడా నింపాలి సుమా, ఇచ్చేవాళ్లొక్కరే కాదు. వరండాలో చాలామంది ఆడవాళ్లు ఆ ఫారమ్ పట్టుకుని బెంబేలెత్తడం చూశాను. నాకు అది ఆఫీసులో మార్చి నెలాఖరు పనిలా అనిపించింది. పే స్లిప్పులు, ఐటీ రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు. ఫీజు రసీదులన్నీ బిస్కెట్ డబ్బాలో ఉన్నాయి. ట్యూషన్ ఫీజు అప్పటి ఆదాయపు పన్ను చట్టంలో 80సీ మినహాయింపు కింద చూపించుకోవచ్చని, బస్సు ఫీజు దాంట్లోకి రాదని, అలా వేరుచేసి దాచుకోవడం నాకు అలవాటు. ట్యాక్స్ కోసం దాచినవి కోర్టులో సాక్ష్యాలయ్యాయి.

నవంబర్‌లో ఆయనకి నోటీసు అందింది. ఇలాంటి కేసుల్లో మధ్యంతర భృతి దరఖాస్తుని నోటీసు అందిన అరవై రోజుల్లో వీలైనంతవరకు తేల్చాలని చట్టంలో ఉంది. మాకు జూన్ వరకు పట్టింది. ఒక వాయిదాకి ఆయన కౌంటర్ (రాతపూర్వక జవాబు) వేయలేదు. ఒక వాయిదాకి జడ్జి గారు సెలవు. ఒక వాయిదాకి లాయర్లు విధులు బహిష్కరించారు. వాయిదా ఉన్న ప్రతిసారీ ఆఫీసులో సగం రోజు సెలవు. ఫోన్లో ఈ-కోర్ట్స్ యాప్‌లో తర్వాతి తేదీ కనపడుతుంది, అదొక్కటే సుఖం.

కౌంటర్‌లో ఆయన మూడు మాటలన్నారు. భార్యకి ఉద్యోగం ఉంది. నాకు ఫ్లాట్ ఈఎంఐ 62,000 ఉంది. ఆ స్కూలు నేను ఒప్పుకున్నది కాదు, నా స్తోమతకి మించింది. మొదటిది నిజమే. రెండోదానికి మా లాయర్ గారు, పీఎఫ్, ట్యాక్స్ లాంటి తప్పనిసరి కోతలు వేరు, కావాలని పెట్టుకున్న లోను వేరు అని వాదించారు. మూడోది నాకు గుచ్చుకుంది. ఎందుకంటే నర్సరీ అడ్మిషన్ రోజు లైన్లో నిలబడింది ఆయనే. 2018లో, ఉదయం ఆరింటికి, టిఫిన్ కూడా చేయకుండా.

జడ్జి గారు నన్ను అడిగింది ఒకటే ప్రశ్న. "ఆ స్కూలే ఎందుకమ్మా?"

దీనికి పెద్ద ఉపన్యాసం తయారుచేసుకుని వెళ్లాను. మాట రాలేదు. మా లాయర్ గారు ఫైల్లోంచి ఒక కాగితం తీసి ఇచ్చారు. అడ్మిషన్ ఫారమ్ నకలు. స్కూలుకి లెటర్ పెట్టి పది రోజులు తిరిగితే వచ్చింది. తండ్రి సంతకం దగ్గర ఆయన సంతకం, వార్షికాదాయం గడిలో ఆయన చేతిరాత, 'ఈ స్కూలుని ఎందుకు ఎంచుకున్నారు?' అన్న ప్రశ్నకి ఆయన ఇంగ్లీషులో రాసిన రెండు లైన్లు. ఆటస్థలం బాగుందని రాశారు. జడ్జి గారు చదివి, అటువైపు లాయర్‌కి చూపించి, పక్కన పెట్టేశారు. వేసవి సెలవుల ముందు చివరి వాయిదా అది. స్కూలు గురించి వాదన మళ్లీ రాలేదు. విడిపోయాక స్కూలు మార్చి ఖరీదైనదాంట్లో వేసుంటే నా పరిస్థితి వేరేలా ఉండేది, అది ఒప్పుకోవాలి.

2023 జూన్‌లో మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. పిటిషన్ వేసిన తేదీ నుంచి నెలకి 10,000, 'చదువు ఖర్చులతో కలిపి'. పాత బకాయి లక్ష, మూడు వాయిదాల్లో కట్టాలి. అమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టింది. నేను రాత్రి క్యాలిక్యులేటర్ తీశాను. పాత ఏడాది ఫీజు 1,18,500ని పన్నెండుతో భాగిస్తే నెలకి 9,875. పదివేలలోంచి అది తీసేస్తే మిగిలేది 125 రూపాయలు. సెక్షన్ నంబరూ అదే.

ఆ 125తో పాప నెలంతా తినాలి, తాగాలి, జ్వరం వస్తే డాక్టర్‌కి చూపించుకోవాలి అని కాదు, జడ్జి గారి లెక్కలో నా జీతం కూడా ఉంది. అందులో అన్యాయం లేదు. 2000లోనే పద్మజా శర్మ కేసులో సుప్రీంకోర్టు, తల్లీ తండ్రీ ఇద్దరూ సంపాదిస్తుంటే పిల్లల ఖర్చు ఇద్దరూ భరించాలని చెప్పి, ఆ కేసులో తండ్రికి రెండు వంతులు, తల్లికి ఒక వంతు వేసింది. నా బాధ ఆ 'కలిపి' అన్న మాటతోనే. నేను ఆ మాటని పట్టించుకోలేదు, పదివేలు అన్న అంకెనే చూశాను. ఇరవై ఏళ్లుగా లెడ్జర్లు రాస్తున్నదాన్ని, పద్దులు వేరుచేయని ఎంట్రీ ఎక్కడికి దారితీస్తుందో నాకు తెలియకపోవడం ఏంటి?

దారితీసింది. ఆ జూన్‌లోనే ట్యూషన్ ఫీజు 84 నుంచి 94 వేలైంది. బిల్లు ఫొటో పంపితే, "ఆర్డర్‌లో కలిపి అని ఉంది, చదువుకో" అని వచ్చింది. ఆ తర్వాత రెండు ఆదివారాలు పాపకి జలుబని వాళ్ల నాన్న దగ్గరికి పంపలేదు. నిజంగా జలుబే. కానీ మూడో ఆదివారానికి తగ్గిపోయింది, అయినా పంపలేదు. "పిల్లని చూపించవు, డబ్బులు మాత్రం కావాలి" అన్నారు. అక్టోబర్ నుంచి పదివేలు కూడా ఆగిపోయాయి. లాయర్ గారు నన్నే తిట్టారు. "చూపించడం వేరు, డబ్బు వేరు. ఆయన ఇవ్వలేదని నువ్వు ఆపకూడదు, నువ్వు ఆపావని ఆయన ఎగ్గొట్టకూడదు. ఆదివారం పంపించెయ్" అన్నారు. పంపాను.

2024 జనవరిలో బకాయికి పిటిషన్ వేశాం. డబ్బు ఇవ్వాల్సిన తేదీ నుంచి ఏడాదిలోపు వేసుకోవాలి, లేకపోతే ఆ బకాయికి వారంటు రాదు. అందుకని కూడబెట్టుకుని కూర్చోవద్దు. కట్టని ప్రతి నెలకీ ఒక నెల వరకు జైలు వేయొచ్చని చట్టంలో ఉంది. అన్నయ్య ఆ మాట పట్టుకున్నాడు, "లోపల వేయించెయ్" అని. లాయర్ గారు నవ్వి, "వేయిస్తే ఉద్యోగం పోతుంది నాయనా, ఆ తర్వాత నెలనెలా నువ్వు కడతావా?" అన్నారు. అన్నయ్య టీ తాగి వెళ్లిపోయాడు.

కోర్టు మీడియేషన్‌కి పంపింది. అక్కడ మాట్లాడుకున్నది కేసులో వాడకూడదు, అదొక ధైర్యం. ఒక చిన్న గది, నాలుగు కుర్చీలు, తిరగని ఫ్యాను. మీడియేటర్ యాభై దాటిన లాయర్, చీర కొంగుతో విసురుకుంటూ కూర్చున్నారు. మొదటి సిట్టింగ్ అంతా ఆయన చెప్పారు, రెండోది నేను చెప్పాను. ఆవిడ ఏమీ రాసుకోలేదు. మూడోసారి నన్ను విడిగా కూర్చోబెట్టి ఒక ప్రశ్న వేశారు.

"స్కూలు వాళ్ల ఫీజు మెసేజ్ ఆయన ఫోన్‌కి వస్తుందా అమ్మా?"

రాదు. స్కూలు యాప్‌లో ఇద్దరి నంబర్లూ ఉండేవి. 2021 ఆగస్టులో, ఇల్లు వదిలొచ్చిన వారంలోనే నేను స్కూలు ఆఫీసుకి వెళ్లి ఆయన నంబర్ తీయించేశాను. కోపంలో చేశాను. ఆ తర్వాత ఆ సంగతి మర్చిపోయాను, లేదా మర్చిపోయానని అనుకున్నాను. లాయర్‌కీ చెప్పలేదు. మూడేళ్లుగా ఆయన కడుపు నిండా తిట్టుకుంటున్నది స్కూలుని కాదు, నన్ను. ఎందుకంటే స్కూలు అడిగే ప్రతి పైసా నా నోటి ద్వారా వెళ్తోంది. ఫీజు పెరిగితే నేను పెంచినట్టు. పుస్తకాలు కొనమంటే నేను కొనమన్నట్టు. పాపకి లెక్కల్లో ఇరవైకి పందొమ్మిది వస్తే ఆ మెసేజ్ మాత్రం నేను పంపలేదు. పంపాలని తోచలేదు.

ఆవిడ దానిమీద ఏమీ అనలేదు. "రేపు పెట్టించెయ్యి" అన్నారంతే.

మర్నాడు స్కూలుకి వెళ్లి ఆయన నంబర్ మళ్లీ చేర్పించాను. వారం తిరక్కుండానే ఆయన దగ్గర్నుంచి మెసేజ్. డబ్బు గురించి కాదు. "తెలుగులో పదకొండా? ఏంటిది?" మా పాపకి తెలుగు ఒత్తులు అస్సలు రావు, నిజం. ఆ ఆదివారం పాప అక్కడినుంచి వచ్చినప్పుడు చేతిలో కాపీ పుస్తకం, అందులో నాలుగు పేజీలు నిండా గుర్రం, కుర్రాడు, బుర్ర. పేరెంట్స్ మీటింగ్‌కి కూడా వచ్చారు. ఇద్దరం వేర్వేరు వరసల్లో కూర్చున్నాం. నా మనసుకి అదేమంత హాయిగా లేదు, అబద్ధం చెప్పను. కానీ ఆ నెల ఫీజు గురించి నేను ఏమీ పంపకుండానే 30,000 కట్టినట్టు యాప్‌లో కనిపించింది.

ఇక ఒప్పందం రాయడం. నేను శాతాలు వేసుకుని వెళ్లాను, జీతాల ప్రకారం 78:22 అని. ఆయన లాయర్ రెండు వంతులు ఒక వంతు తీర్పు తీశారు. గంటన్నర అదే వాదన. మీడియేటర్ చిలక్కి చెప్పినట్టు చెప్పారు. "శాతాలు రాస్తే ప్రతి బిల్లుకీ ఒకరు కట్టి రెండోవాళ్లని అడగాలి. అడగడం దగ్గరే కదా మీకు గొడవ? ఏ ఖర్చు ఎవరిదో రాసుకోండి. ఎవరిది వాళ్లు కట్టుకోండి." ట్యూషన్ ఫీజు మొత్తం ఆయనది, స్కూలు ఖాతాకే నేరుగా, నా చేతికి కాదు. బస్సు, పుస్తకాలు, యూనిఫాం నావి. 2024-25 లెక్కలో ట్యూషన్ 1,02,000, నావి 38,000. ఇంటికొచ్చి చూసుకుంటే 73:27 వచ్చింది. ఆ గంటన్నరా దండగ.

తేదీలు కూడా రాయించుకున్నాను. జూన్ 10, అక్టోబర్ 10, జనవరి 10. 'సకాలంలో' అని రాస్తామన్నారు, ఒప్పుకోలేదు. స్కూలు ఏడాదికి పది శాతం లోపు పెంచితే మారుమాట లేకుండా ఆయన కట్టాలి, అంతకు మించితే అడ్మిషన్ రెన్యువల్ ముందే ఇద్దరం మాట్లాడుకోవాలి. స్కూలు మార్చాలంటే ఇద్దరి ఈమెయిల్ ఉండాలి. తిండికి, బట్టలకి, డాక్టర్‌కి విడిగా నెలకి 9,000, ఏటా ఐదు శాతం పెంపు. కూచిపూడి నాది, ఈత ఆయనది, ఎవరు చేర్పిస్తే వాళ్లే కట్టాలి. 125 కింద మనోవర్తి మామూలుగా పిల్లలు మేజర్ అయ్యేవరకే. మేము డిగ్రీ అయ్యేదాకా అని రాసుకున్నాం. ఇంటర్ గురించి మాత్రం తెగలేదు. హైదరాబాద్‌లో కార్పొరేట్ కాలేజీ, హాస్టల్ అంటే ఎంతో అందరికీ తెలుసు, ఆ అంకె ఇప్పుడే రాయడానికి ఇద్దరికీ ధైర్యం లేదు. పదో తరగతి జనవరిలో మళ్లీ కూర్చోవాలని రాసి వదిలేశాం.

ఒక దశలో విసిగిపోయి, ఏమీ వద్దు, నేనే చదివించుకుంటాను, సంతకం పెట్టించుకోండి అన్నాను. మా లాయర్ గారు గట్టిగానే చెప్పారు. నీ భరణం నువ్వు వద్దనుకోవచ్చు, పాపది వదులుకునే హక్కు నీకు లేదు, రాసిచ్చినా రేపు పాప తరఫున అడిగితే ఆ కాగితం అడ్డురాదు అని. అక్కడ ఆగిపోయాను. వదులుకోవడమే గొప్ప అనుకునే ఆడవాళ్లం మనం. ఆ గొప్ప ఖరీదు పిల్లలు కడతారని నాకు ఆ గదిలోనే తట్టింది.

ఆ ఒప్పందంతోనే పరస్పర అంగీకార విడాకులకి హిందూ వివాహ చట్టం 13బి కింద వేశాం. ఆరు నెలల గడువు, రెండోసారి హాజరు, 2025 మొదట్లో డిక్రీ. ఫీజు షరతులన్నీ డిక్రీలో భాగమయ్యేలా చూడమని లాయర్ గారిని నేను మూడుసార్లు అడిగి విసిగించాను. సర్టిఫైడ్ కాపీ రెండు తీసుకున్నాను. ఒకటి బిస్కెట్ డబ్బాలో ఉంది.

అంతా సాఫీగా ఉందని కాదు. అక్టోబర్ టర్మ్ తొమ్మిది రోజులు ఆలస్యమైంది. ఫైన్ ఎవరిదని నేను అడగలేదు, ఆయనే కట్టారు. స్కూలు కొత్తగా 'డిజిటల్ ఫీజు' అని 3,500 వేసింది, అది ట్యూషన్ కిందకి వస్తుందా పుస్తకాల కిందకి వస్తుందా అని ఇద్దరం నాలుగు ఈమెయిళ్లు రాసుకుని చివరికి సగం సగం కట్టాం. వాట్సాప్‌లో మాట్లాడుకోవడం మానేశాం, ఈమెయిలే. రాసేటప్పుడు మనిషి కొంచెం ఆలోచిస్తాడు.

2025 జూన్‌లో పాప ఐదో తరగతికి వచ్చింది. 12న బడి తెరిచారు. మొదటి టర్మ్ 10న కాకుండా 11 రాత్రి 11:40కి కట్టినట్టు యాప్‌లో మెసేజ్ వచ్చింది, నాకూ ఆయనకీ ఒకేసారి. అంతకుముందు ఆదివారం పాప ఒక అట్టపెట్టెతో వచ్చింది. నల్ల బూట్లు. నేను అప్పటికే యూనిఫాంతో పాటు స్కూల్లో కొనేశాను, అది నా పద్దు కదా. ఆయన కొన్నవి స్కూలు బూట్లకన్నా మెత్తగా, బాగున్నాయి. పాప వేసుకుని చూసి, "అమ్మా, వేలు తగుల్తోంది" అంది. ఒక సైజు చిన్నవి. రెండు నెలలుగా దాని కాలు పెరుగుతోందని ఆయనకెలా తెలుస్తుంది?

పెట్టె అడుగున బిల్లు ఉంది. వెనకవైపు పెన్నుతో రాశారు, 'పదిహేను రోజుల్లో మార్చుకోవచ్చు' అని. దిల్‌సుఖ్‌నగర్ షాపు. శనివారం ఆఫీసు నుంచి వస్తూ మెట్రో దిగి, సైజు మార్చి తెచ్చాను. స్కూల్లో కొన్న జత అట్టపెట్టెలోనే ఉంది, వాపసు తీసుకోరట.